వరి సాగులో కచ్చితత్వ వ్యవసాయం: ఆకు రంగు చెప్పే ఎరువు లెక్క

పొలమంతటికీ ఒకే మోతాదు అనుసరించక, ప్రతి భాగానికీ దాని అవసరాన్ని బట్టి నీరు, ఎరువు, మందు అందించే విధానానికి కచ్చితత్వ వ్యవసాయమని పేరు. సరైన ఎరువును, సరైన మోతాదులో, సరైన సమయంలో, సరైన చోట వేయడం దీని సారాంశం.

1990 దశకంలో అమెరికాలోని విశాలమైన ధాన్యపు క్షేత్రాలలో ఈ విధానం వ్యాప్తిలోకి వచ్చింది. కోత యంత్రానికి అమర్చిన పరికరం పొలంలో ఏ భాగం ఎంత పండిందో నమోదు చేయగా, ఉపగ్రహాల సాయంతో ఆ వివరాలను పటంగా రూపొందించేవారు. సరిహద్దు తెలుగువారికి సమీపంలోనే, తమిళనాడు ప్రభుత్వం 2004-05లో ధర్మపురి జిల్లాలో ఇటువంటి పథకాన్ని ప్రారంభించి, కృష్ణగిరికి కూడా విస్తరించింది. అది ప్రధానంగా బిందుసేద్యంతో కూరగాయలు పండించే రైతులకు ఉద్దేశించినది. రెండు మూడు ఎకరాలలో వరి వేసే కుటుంబానికి ఖరీదైన యంత్రాలు అందుబాటులో ఉండవు. అయితే ఇదే సూత్రాన్ని చేతిలో ఇమిడే ఒక రంగుల పట్టికతో అమలు చేయవచ్చు.

యూరియా ఎక్కువైతే నష్టం

పక్క చేను కంటే తన చేను నల్లగా కనిపించాలని అదనంగా యూరియా చల్లడం అనేక గ్రామాలలో పరిపాటి. నత్రజని మితిమీరితే ఆకు మెత్తబడి సుడిదోమ, అగ్గితెగులు విజృంభిస్తాయి. పైరు ఏపుగా పెరిగి గాలివానకు పడిపోతుంది. యూరియా ధర తక్కువే అయినా, దాని వలన పురుగుమందులకు అయ్యే ఖర్చు, పడిపోయిన చేనులో తగ్గే దిగుబడి కౌలు రైతును అప్పులపాలు చేయగలవు.

భూమి అంతటా ఒకే తీరున ఉండదు. ఉదాహరణకు, 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం కింద కోస్తా జిల్లాల నుండి తరలివెళ్ళిన రైతులు క్యాంపులు వేసుకొని స్థిరపడిన ప్రాంతాలలో, దిగువ మళ్ళు ఊటకు, ఉప్పుకు గురికావడం తెలిసినదే. ఎగువ మడికి తగిన మోతాదు దిగువ మడికి తగకపోవచ్చు.

రంగుల పట్టిక వాడే విధానం

లేత పసుపుపచ్చ నుండి ముదురు ఆకుపచ్చ వరకు వరుసగా రంగు పట్టీలుండే ప్లాస్టిక్ పలక ఇది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనిని ఆసియా దేశాలలో ప్రచారంలోకి తెచ్చింది.

1. నాటిన 14 రోజుల నుండి పూత దశ వరకు 7 నుండి 10 రోజులకు ఒకసారి పరిశీలించాలి.
2. మడిలో వేర్వేరు చోట్ల తెగులు లేని 10 దుబ్బులను ఎంచుకొని, పూర్తిగా విచ్చుకున్న పై ఆకు నడిమి భాగాన్ని పట్టికపై ఉంచి పోల్చాలి. ఆకును తుంచరాదు.
3. ఉదయం 8 నుండి 10 గంటల మధ్య, ఎండ నేరుగా పడకుండా తన నీడలో ఉంచి చూడాలి. ప్రతిసారీ ఒకే వ్యక్తి, ఒకే వేళకు చూడడం మేలు.
4. ఆరు పట్టీల పట్టికలో సాధారణ నాటు వరికి 4, వైట్ పొన్ని వంటి రకాలకు 3 ప్రమాణం. పదింటిలో ఆరు ఆకులు అంతకంటే లేతగా ఉంటేనే ఎకరానికి సుమారు 25 కిలోల యూరియా పైపాటుగా వేయాలి; లేనియెడల తదుపరి పరిశీలన వరకు ఆగాలి.

పట్టికలు పలు రకాలు గనుక, దానితో వచ్చిన సూచననే అనుసరించాలి. 2018 నుండి యూరియా 45 కిలోల సంచులలో వస్తున్నందున, పాత 50 కిలోల లెక్కతో కొలవరాదు.

పొరపాటుకు తావు

ఆకు పాలిపోవడానికి నత్రజని లోపమొక్కటే కారణం కాదు. జింకు లోపంలో ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపిస్తాయి. మురుగు నిలిచినా పైరు పసుపుబారుతుంది. అటువంటి మళ్ళలో పట్టికను నమ్మి యూరియా వేయడం వృథా. భాస్వరం, పొటాష్ అవసరాన్ని కూడా పట్టిక చెప్పదు; అందుకు భూసార పరీక్షే ఆధారం. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్పలున్న చోట కాక, ఎకరానికి 8 నుండి 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో నమూనా పంపాలి.

నీటికీ ఒక కొలత

ముప్పై సెంటీమీటర్ల గొట్టానికి కింది సగభాగంలో రంధ్రాలు చేసి, ఆ సగం మడిలో పాతిపెడితే లోపలి నీటిమట్టం కనిపిస్తుంది. మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు తిరిగి నీరు పెట్టవచ్చు. అయితే పూత దశకు ముందు, తరువాత ఒక్కొక్క వారం మడిలో నీరు తప్పక నిలిచి ఉండాలి.

సరిహద్దు గ్రామాలకు ఉపయోగం

2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు 12 అంశాల ఫలితాలను తెలుపుతుంది. ఆ కార్డు ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ లిపిలో ఉన్నప్పుడు, తెలుగు మాత్రమే చదవగల పెద్దలు దానిని బడికి వెళ్ళే పిల్లలచేత చదివించుకోవచ్చు. రంగుల పట్టికకు ఆ ఇబ్బంది లేదు. చూపు, అంకెలు తెలిసిన వారెవరైనా దానిని వాడగలరు. తొలి సంవత్సరం ఒక్క మడిలో మాత్రమే పాటించి, వేసిన యూరియాను, వచ్చిన బస్తాలను పుస్తకంలో రాసుకొని పాత పద్ధతితో సరిపోల్చుకుంటే, మిగిలిన మళ్ళకు ఏది తగినదో ఆ లెక్కే తెలుపుతుంది.