విశాఖ – భీమిలి తీరం: రేవు నుంచి విహారం దాకా

ఆంధ్ర తీరంలో చాలాచోట్ల తూర్పు కనుమలు సముద్రానికి ఎడంగా, లోపలి నేలల్లో ఉంటాయి. విశాఖపట్నం దగ్గర మాత్రం వాటి కొసలు అలల దాకా దిగివచ్చాయి. దక్షిణాన యారాడ కొండ ముక్కులా నీటిలోకి పొడుచుకువస్తుంది. దాన్నే డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఉత్తరాన గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమునిపట్నం, దానికి కాపలాగా పావురాళ్లకొండ ఉన్నాయి. రెంటి మధ్య దూరం సుమారు ముప్పై కిలోమీటర్లు. కృష్ణా, గోదావరి ముఖద్వారాల దగ్గరి బురద ఇక్కడ లేదు. ఇసుక, ఎర్రనేల, కొండరాయి ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఇప్పుడు ఈ తీరం పొడవునా సందర్శకులు చూసేవాటిలో చాలా భాగం చూడటం కోసం కట్టినవి కావు. భిక్షువులు వానాకాలం గడపడానికి, వర్తకులు సరకు దాచుకోవడానికి, రైల్వేవారు ఖనిజం దించడానికి వేసిన కట్టడాలే తర్వాత విహారస్థలాలయ్యాయి.

వాటిలో పాతవి బౌద్ధుల కొండలు. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ మూడూ భీమిలి దారిలోనే, సముద్రం కనిపించే ఎత్తులో ఉన్నాయి. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ స్థవిరవాద భిక్షువులు నివసించారు. భిక్షువులు వానాకాలం నెలల్లో తిరుగుడు మాని ఒక్కచోట ఉండాలన్నది సంఘ నియమం. అందుకు కొండమీద ఆరిన నేల, నిల్వనీరు, దానం చేసే గృహస్థులు కావాలి. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే తొట్లకొండకు ఆ పేరు వచ్చింది. దానానికి కింద సముద్రంమీద వచ్చిపోయే వర్తకులున్నారు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే ఆ వర్తకం ఎంత దూరం సాగిందో ఊహించవచ్చు.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల తర్వాత ఈ ఆరామాలు పాడుబడ్డాయి. తొట్లకొండ మళ్లీ వెలుగులోకి రావడానికి కారణం నౌకాదళం. 1976లో స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు కొండమీద కట్టడాల జాడ కనిపించింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వి స్తూపాలు, చైత్యాలు, విహారాల గదులు, భోజనశాల, వంటశాల బయటపెట్టింది. అంతకుముందే, 1980ల్లో, బావికొండ తవ్వకంలో ఎముక ముక్క ఉన్న ధాతు కరండం దొరికింది. దాన్ని బుద్ధుని ధాతువుగా భావిస్తున్నారు. ఇప్పుడు తొట్లకొండకు వెళ్లేవారిలో ఎక్కువమంది సాయంకాలం పైనుంచి సముద్రాన్ని చూడటానికే వెళ్తారు. భోజనశాల పునాదుల దగ్గర ఆగేవారు తక్కువ. నిజానికి ఆ స్థలంలో చూడవలసింది అదే. నూరుమంది కలిసి బతికిన పద్ధతి స్తూపంలో కంటే ఆ పునాదుల్లోనే ఎక్కువ తెలుస్తుంది.

బౌద్ధం తగ్గాక ఈ ప్రాంతానికి జనాన్ని రప్పించింది సింహాచలం. వరాహ నరసింహస్వామి ఆలయంలో చోళ కులోత్తుంగుని కాలపు శాసనం ఉంది. ఇప్పుడు కనిపించే కట్టడంలో ముఖ్యభాగం 13వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు నరసింహదేవుని కాలంలో లేచింది. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని దర్శించి కానుకలిచ్చాడు. భీమిలికి చేరువలోని పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే స్వామి నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజే కనిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరి ప్రదక్షిణలో భక్తులు కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారి సముద్రపు ఒడ్డును తాకుతుంది. చాలామంది అక్కడ స్నానం చేసి మళ్లీ నడక సాగిస్తారు. విహారయాత్ర అన్న మాట పుట్టకముందు జనం ఈ తీరానికి వచ్చిన తీరు ఇదే.

రేవుల చరిత్ర భీమిలితో మొదలవుతుంది. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలో పులికాట్, మచిలీపట్నం, పాలకొల్లు వంటి చోట్ల వర్తక స్థావరాలు పెట్టింది. వాటి వరసలో భీమిలి ఉత్తరపు కొసన ఉంది. వారికి ఇక్కడి బట్టలు కావాలి. తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు కొనడానికి డబ్బు కంటే కోరమాండల్ బట్టే బాగా చెల్లేది. ఉత్తర కోస్తా ధాన్యం కూడా ఓడలకెక్కేది. గోస్తనీ ముఖద్వారం పెద్ద ఓడలకు చాలదు. అవి దూరంగా లంగరు వేసి ఆగితే, కొబ్బరి పీచుతాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో జాలర్లు అలలు దాటించి సరకు చేర్చేవారు. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది.

డచ్చివారు తమ కోటను నిలుపుకోలేకపోయారు గాని సమాధులు మాత్రం మిగిలాయి. సముద్రానికి దగ్గరలో ఉన్న వారి శ్మశానంలో సూదిమొన శిఖరాలతో ఇటుక, సున్నపు కట్టడాలు నిలిచి ఉన్నాయి. కొన్నిటిమీద చెక్కిన రాతిపలకలు 17, 18 శతాబ్దాలవి. ఊరు ప్రశాంతంగా ఏమీ లేదు. 1754లో మరాఠాలు దోచుకున్నారు. 1781లో ఇంగ్లీషువారితో యుద్ధం వచ్చినప్పుడు స్థావరం చేతులు మారింది, తర్వాత తిరిగి డచ్చివారికి దక్కింది. చివరికి ఐరోపాలో కుదిరిన 1824 ఒప్పందం ప్రకారం 1825లో భీమిలి పూర్తిగా ఇంగ్లీషు కంపెనీ వశమైంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1794లో, సమీపంలోని పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించడంతో ఈ ప్రాంతం మీద పెత్తనం ఎవరిదో తేలిపోయింది.

భీమిలికి మంచిరోజులు 19వ శతాబ్దంలో వచ్చాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది, దేశంలోని అతి పాత పురపాలక సంఘాల్లో అదొకటి. లైట్‌హౌస్, గడియార స్తంభం, చర్చి, వర్తకుల బంగళాలు ఆ కలిమి గుర్తులు. చుట్టుపక్కల పండిన గోగునార ప్రపంచ మార్కెట్లో ‘బిమ్లీ జూట్’గా అమ్ముడయ్యేది. చిట్టివలసలో జనపనార మిల్లు లేచింది. పొగ ఓడలు వచ్చాక ఉత్తరాంధ్ర కూలీలు ఈ తీరం నుంచే రంగూన్‌కు ఓడలెక్కారు. బర్మాలో వరికోతలకు, రేవు పనికి వెళ్లిన తెలుగువారిలో చాలామంది కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి బయల్దేరినవారే. ఆ తర్వాత రైలు ఈ ఊరిని తాకకుండా పక్కగా పోయింది, విశాఖలో ఓడరేవు తయారైంది. 20వ శతాబ్దం గడిచేకొద్దీ భీమిలి రేవు అడుగంటింది. కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఊళ్లోకి రాకపోవడమే పాత బంగళాలు ఇన్నాళ్లు నిలవడానికి ఒక కారణం.

విశాఖ కథ మరోలా నడిచింది. ఇంగ్లీషు కంపెనీ 1680లలో ఇక్కడ స్థావరం పెట్టింది. 1689లో మొగలు సేనలు దాన్ని ధ్వంసం చేశాయి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకున్నాడు, మరుసటి ఏడే అది తిరిగి ఇంగ్లీషువారికి చేరింది. 1780 అక్టోబరులో, హైదరాలీమీద యుద్ధానికి ఓడలో మద్రాసు వెళ్లమన్నప్పుడు ఇక్కడి సిపాయిలు తిరగబడ్డారు. 1857కు అది డెబ్బై ఏడేళ్ల ముందు. అయినా పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కిన చోటు స్వల్పం. 1804లో ఫ్రెంచి నౌకాదళం రేవు ముందే సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకతో తలపడింది.

పాత పట్నం ఉప్పుటేరు పక్కన పల్లపు నేలలో ఉండేది. దొరలు గాలి తగిలే ఎత్తును వెతుక్కుంటూ ఉత్తరాన వాల్తేరులో బంగళాలు కట్టుకున్నారు. 1883లో వాల్తేరు క్లబ్బు వెలిసింది. 1893లో రైలు వచ్చాక కలకత్తా నుంచి గాలిమార్పు కోసం వచ్చేవారు పెరిగారు. వైద్యులు సముద్రపు గాలిని మందులా రాసిచ్చే కాలం అది. జయపురం వంటి సంస్థానాల వారు ఒడ్డున మేడలు కట్టించారు. కేవలం విహారం కోసమే ఈ తీరంలో కట్టిన తొలి కట్టడాలు ఇవే అనవచ్చు. వాల్తేరు మెట్టమీద ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థిరపడ్డాక 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. 1938లో ఒడ్డున రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఏర్పడింది. నగరంలో అందరికీ తెలిసిన ఆర్.కె. బీచ్ పేరు దాన్నుంచి వచ్చిందే. బెంగాలీ యాత్రికుల రాక ఇప్పటికీ ఆగలేదు.

ఇంతలో ఉప్పుటేరును ఓడరేవుగా మార్చే పని జరిగింది. మధ్య పరగణాల మాంగనీసుకు సముద్రానికి దగ్గరి దారి కావలసి వచ్చింది. రాయపూరు నుంచి విజయనగరానికి రైలుమార్గం వేసి, బురదను తవ్వి, యారాడ కొండ చాటున కాలువ లోతు చేశారు. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తూ ఉంటాయి. ఆ ఇసుక కాలువ మూతికి అడ్డుపడకుండా రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వేశారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. కాలువకు పట్నం వైపున ఉన్న మూడు గుట్టలమీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇషాక్ మదీనా దర్గా, మేరీమాత చర్చి వరసగా ఉండి, వచ్చే ఓడలకు కనిపిస్తాయి.

రేవు వల్ల నగరానికి డబ్బు వచ్చింది గాని బీచ్‌కు నష్టం జరిగింది. ఉత్తరానికి పోవలసిన ఇసుక రేవు దగ్గరే ఆగిపోవడంతో ఆర్.కె. బీచ్ కోతకు గురవుతూ వచ్చింది. అందుకే రేవు ముందు తవ్విన ఇసుకను మళ్లీ బీచ్ వైపు తోడిపోస్తుంటారు. సాయంత్రాలు మురీ మిక్స్చర్ పొట్లంతో జనం కూర్చునే ఇసుకలో కొంత ఇలా యంత్రం పోసిందే. అక్కడ ఈత ప్రమాదం. ఒడ్డు దాటగానే లోతు పెరుగుతుంది, నీటి ఈడ్పు ఎక్కువ. స్నానాలకు వాలు నెమ్మదిగా ఉండే రుషికొండ మేలు. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవుమీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. పాతికేళ్లు గడిచేసరికి అదే జపాను అవసరం కోసం విశాఖకు కొత్త రైలుదారి వచ్చింది. బస్తరు బైలాడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. అనంతగిరి కొండల్లో యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఖనిజం బళ్ల మధ్య నడిచిన ఒక్క పాసింజరు బండి అరకు లోయను, బొర్రా గుహలను మైదానపు జనానికి దగ్గర చేసింది. 2017లో దానికి అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించారు. దారి ఇప్పటికీ ముఖ్యంగా ఖనిజానిదే. ఎదురుగా సరకు రైలు వస్తే సందర్శకుల బండి పక్కన ఆగి దారివ్వవలసిందే.

ఈ తీరాన్ని ఊరూరా పరిచయం చేసిన ఘనతలో సినిమాకు పెద్ద వాటా ఉంది. 1978లో బాలచందర్ తీసిన ‘మరోచరిత్ర’ను విశాఖ, భీమిలి తీరాల్లో చిత్రీకరించారు. అదే కాలంలో నగరాభివృద్ధి సంస్థ వెలిసి ఒడ్డున, కైలాసగిరి కొండమీద పార్కులు ఏర్పాటు చేసింది. అవి చక్కనివే, చరిత్ర మాత్రం తక్కువ.

నౌకాదళపు చిహ్నాలు అలా కాదు. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయటే మునిగిపోయింది. దాన్ని తామే ముంచామని భారత నౌకాదళం అంటుంది, సొంత మందుపాతర పేలిందని పాకిస్తాన్ వాదన. ఆ యుద్ధ స్మారకం బీచ్ రోడ్డుమీద ఉంది. దానికి కొంత దూరంలో ఐఎన్ఎస్ కురుసుర నిలిచింది. సోవియట్ దేశంలో తయారై, 1969లో నౌకాదళంలో చేరి, అదే యుద్ధంలో పాల్గొని, 2001లో విశ్రాంతి పొందిన ఈ జలాంతర్గామిని ఇసుకలోకి లాగి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. తొంభై మీటర్లున్న ఆ ఇనుప గొట్టంలో నావికులు ఎంత ఇరుకున బతికారో ఒక చివర నుంచి మరో చివరకు వంగి నడిస్తే తెలుస్తుంది. 2017లో దాని ఎదుటే టీయూ-142 విమానాన్ని పెట్టారు.

విశాఖకు, భీమిలికి నడుమనున్న ఎర్రమట్టి దిబ్బలకు ఈ మనుషుల చరిత్రతో పని లేదు. వేల ఏళ్ల కిందట, హిమయుగంలో సముద్రమట్టం తగ్గి బయటపడిన ఇసుకను గాలి ఎగదోసి పేర్చింది. ఇనుప ఆక్సైడు పట్టి అది ఎర్రబడింది. వాన ధారలు కోసి గండ్లు, గోడలు చేశాయి. దేశంలో ఇలాంటివి మరో చోట, తమిళనాడు తీరంలో ఉన్నాయి. చాలాకాలం వీటి విలువ భూగర్భ శాస్త్రజ్ఞులకు, సినిమా వాళ్లకు తప్ప ఎక్కువమందికి తెలియలేదు. మట్టి తవ్వుకుపోవడం, పక్కన కట్టడాలు లేవడం జరుగుతూ వచ్చాయి. 2014లో భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతోపాటు వీటికీ చోటు దక్కింది. దిబ్బలు గట్టి రాయి కావు, అడుగు పడితే అంచులు రాలిపోతాయి. అందుచేత ఏ గండి దాకా సందర్శకులను పోనివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది అధికారులు ఇంకా తేల్చుకోవలసిన పనిగానే ఉంది.