కాటుకి రెండు కారణాలు

మొరిగే కుక్క కరవదంటారు. దీన్ని నమ్మి వీధికుక్క ముందు ధైర్యంగా నిలబడమని ఎవరికీ సలహా ఇవ్వను గానీ, ఆ సామెత కట్టినవాళ్ళు ఒక సంగతి గమనించారు. బెదిరించే కుక్క వేరు, వేటాడే కుక్క వేరు. ఉడతని చూసిన కుక్క దాదాపు చప్పుడు చేయదు. ఒళ్ళు వంచుతుంది, చూపు నిలుపుతుంది, ఒక్క ఉదుటున దూకుతుంది. అదే కుక్కని గోడ మూలకి నెట్టి కర్ర ఎత్తారని ఊహించుకోండి. వీపు మీద వెంట్రుకలు లేస్తాయి, పెదాలు ముడుచుకుని పళ్ళు బయటపడతాయి, గొంతు లోతుగా దిగుతుంది. రెండుచోట్లా చివరికి జరిగేది కాటే. మొదటి కుక్క ఏదో కావాలని కరుస్తుంది, రెండోది ఏదో తనని వదిలిపోవాలని కరుస్తుంది.

కాపలా కుక్కలకీ, పోలీసు కుక్కలకీ శిక్షణ ఇచ్చేవాళ్ళు మొదటిదాన్ని ప్రే డ్రైవ్ అనీ, రెండోదాన్ని డిఫెన్స్ డ్రైవ్ అనీ పిలుస్తారు. ఈ రెంటినీ ఏ పాళ్ళలో కలపాలన్నదే వాళ్ళ విద్య అంతా. ఈ మాటలు ఇంగ్లీషులో తిరుగుతున్నా పుట్టిల్లు జర్మనీ. కథ మొదలయ్యేది పోలీస్ స్టేషన్లో కాదు, గొర్రెల మందలో.

1899లో కార్ల్స్‌రూహె కుక్కల ప్రదర్శనలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ అశ్వికదళ కెప్టెన్ ఒక కుక్కని చూసి, అక్కడే కొనేశాడు. హెక్టర్ లింక్స్‌రైన్ అన్న దాని పేరు మార్చి హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాత్ అని పెట్టాడు. జర్మన్ షెపర్డ్ వంశావళి పుస్తకంలో మొదటి నంబరు దానిదే. అదే ఏడు ఏప్రిల్ 22న జర్మన్ షెపర్డ్ సంఘం పుట్టింది.

ఆ కుక్కలు అప్పటిదాకా చేసిన పని మన ఊళ్ళలో మంద కాసే కుక్క పని లాంటిది కాదు. జర్మనీలో చాలాచోట్ల చేలకి కంచెలుండవు. మేత పట్టీ పక్కనే పంట. కుక్క ఆ గట్టు వెంబడి అటూ ఇటూ తిరుగుతూ నడిచే కంచె అవుతుంది. గొర్రె గీత దాటితే మెడ మీదో, తొడ మీదో, పక్కటెముకల మీదో గట్టిగా పట్టి, చర్మం చిరగకుండా వదిలేయాలి. ఆలోచిస్తే ఇది తోడేలు వేటే, సగంలో ఆపేసిన వేట. చూడటం, పొంచడం, తరమడం, పట్టడం దాకా ఉంచి, చంపడం, తినడం కోసేశారు. ఎన్నో తరాల కాపరులు ఏ సిద్ధాంతమూ లేకుండా ఆ కత్తిరింపు చేసి పెట్టారు.

కానీ స్టెఫానిట్స్ వచ్చేసరికి జర్మనీలో గొర్రెల పెంపకం తగ్గుముఖం పట్టింది. కుక్కకి కొత్త ఉద్యోగం వెతకాలి. సరిగ్గా 1899లోనే బెల్జియంలోని గెంట్ నగర పోలీసులు రాత్రి గస్తీకి కుక్కల్ని పెట్టారు. జర్మన్ పోలీసులు అదే దారి పట్టారు. 1906లో సార్‌బ్రూకెన్‌లో కోన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి కుక్కలకి శిక్షణ మొదలుపెట్టి, 1910లో దాని మీద పుస్తకం రాశాడు. విచిత్రమైన పుస్తకం అది. కుక్కకి మంచీ చెడూ తెలుసన్న భ్రమని పక్కన పెట్టి, ఏ చేష్టకి ఏ ఫలితం వస్తే అది నిలుస్తుందో లెక్కగా చెప్తాడు. స్కిన్నర్ అప్పటికి చిన్నపిల్లాడు. అదే పుస్తకంలో బెత్తమూ, ముళ్ళ పట్టీ కూడా మామూలు పనిముట్లే. ఆ చూపు ఎంత కొత్తదో ఆ చెయ్యి అంత పాతది.

కరవడం నేర్పడానికి పాత పద్ధతి సూటిగా ఉండేది. కుక్కని కట్టేసి, రెచ్చగొట్టి, బెదిరించి, అది తిరగబడేదాకా వేధించడం. అంటే పూర్తిగా భయం మీద కట్టిన కాటు. అలాంటి కుక్క ముందుపళ్ళతో పట్టి నములుతుంది, పట్టు మారుస్తూ ఉంటుంది, ఎదుటివాడు తనకన్నా గట్టివాడని తేలితే పారిపోతుంది. సందు దొరక్కపోతే ఎవర్ని పడితే వాళ్ళని కరుస్తుంది.

దీన్ని సరిచేసిన మాట జంతుశాస్త్రం నుంచి వచ్చింది. జర్మన్‌లో 'ట్రీబ్' అంటే లోపల్నుంచి తోసేది. కోన్రాడ్ లోరెన్జ్ 1950లో దాన్ని నీళ్ళతొట్టితో పోల్చి బొమ్మ గీశాడు. లోపల నీరు నిండుతూ ఉంటుంది, సరైన ప్రేరణ దొరికితే మూత తెరుచుకుంటుంది. 1963లో దౌర్జన్యం మీద రాసిన పుస్తకంలో ఇంకో ముఖ్యమైన విషయం చెప్పాడు. వేటాడే సింహానికి ఎర మీద కోపం ఉండదు, వేట వేరు, పోరు వేరు అని. (1938లో నాజీ పార్టీలో చేరిన మనిషి దౌర్జన్యం గురించి పుస్తకం రాయడం గురించి చాలామంది చాలా అన్నారు, అనాల్సిందే.) ఈ విడదీత వరకు ప్రయోగశాల కూడా ఒప్పుకుంది. 1962లో వాస్మన్, ఫ్లిన్ అనే ఇద్దరు పిల్లుల మెదడులో హైపోథాలమస్‌కి విద్యుత్తు తగిలించి చూశారు. ఒక చోట తగిలిస్తే పిల్లి బుసకొట్టి, వెన్ను ఎత్తి, గోళ్ళతో మీద పడింది. ఇంకో చోట తగిలిస్తే చప్పుడు లేకుండా వెళ్ళి ఎలుకని కొరికింది.

నీళ్ళతొట్టి మాత్రం నిలవలేదు. 1953లో లెర్మన్, 1960లో హైండ్ దాన్ని గట్టిగా విమర్శించారు, శాస్త్రం మెల్లగా ఆ బొమ్మని వదిలేసింది. శిక్షకులు వదల్లేదు. నాకు ఇందులో తప్పు పట్టాలనిపించదు. తొట్టి నిజం కాకపోయినా, తాడు పట్టుకుని నిలబడ్డవాడికి కుక్క ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ఒక మాట కావాలి.

ఆ మాటల్ని పద్ధతిగా అమర్చినవాళ్ళలో హెల్ముట్ రైజర్ ముఖ్యుడు. 'డెర్ షుట్స్‌హుండ్' అన్న అతని పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ చేతులు మారుతూ ఉంటుంది. మైదానంలో పని ఇలా సాగుతుంది. కుక్కపిల్లప్పుడు అంతా వేటే. హెల్పర్ అనే మనిషి గుడ్డముక్కని అడ్డంగా, దూరంగా లాగుతాడు, పారిపోయే కుందేలులా. పిల్ల పట్టుకుంటే గెలిచినట్టు, గుడ్డ దానికే ఇచ్చేస్తారు. కుక్కకి వయసొచ్చి గుండె నిలబడ్డాకే రెండోది మొదలవుతుంది. హెల్పర్ ఇప్పుడు పారిపోడు. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తాడు, కర్ర ఎత్తుతాడు. కుక్క గొంతు మారుతుంది. సన్నటి ఉత్సాహపు అరుపు పోయి బరువైన మొరుగుడు వస్తుంది. సరిగ్గా అప్పుడు, కుక్క వెనకడుగు వేసేలోపే, హెల్పర్ జంకినట్టు నటించి పక్కకి తిరిగి, జనపనార స్లీవ్ తొడిగిన చెయ్యి అందిస్తాడు. బెదిరింపు ఎరగా మారిపోతుంది. కుక్క దవడ వెనకపళ్ళదాకా నిండుగా పట్టి, ప్రశాంతంగా వేలాడుతుంది. భయంలోంచి వేటలోకి వచ్చే ఆ దారి కుక్కకి తెలిసుండాలి, ఎంత ఒత్తిడి పెట్టినా ఆ దారి దొరుకుతుందన్న నమ్మకం ఉండాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నెలల పని పాడవుతుంది. వేట ఒక్కటే నేర్పితే ఇంకో చిక్కు. కుక్క ప్రేమంతా స్లీవ్ మీదే ఉంటుంది, మనిషి స్లీవ్ విసిరేసి నడిచి వెళ్ళిపోయినా పట్టించుకోదు.

కుక్క వైపు నుంచి చూస్తే ఇది మంచి మార్పే. భయంతో బతికే జంతువు బదులు ఆడుకునే జంతువు. చిక్కల్లా స్లీవ్ లేని మనిషితో.

ఆష్‌విట్జ్ కమాండెంట్ హెస్ ఉరికి ముందు పోలండ్ జైల్లో రాసుకున్న జ్ఞాపకాల్లో కుక్కల ప్రస్తావన ఉంది. ఖైదీల చుట్టూ, గొర్రెల మంద చుట్టూ తిరిగినట్టు కుక్కలు తిరిగితే కాపలావాళ్ళని తగ్గించుకోవచ్చని హిమ్లర్ ఆశట. ఆ పథకం పారలేదంటాడు హెస్. 1963 మే 3న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పౌరహక్కుల ఊరేగింపు మీదికి పోలీసులు వదిలింది కూడా జర్మన్ షెపర్డ్‌లనే. ఒక నల్లజాతి కుర్రాడి పొట్ట మీదికి కుక్క ఎగబడే ఫొటో మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో వచ్చింది. ఆ కుక్కకి అది వేటో, పోరో ఫొటోలో తెలీదు. కుర్రాడికి ఆ తేడాతో పనీ లేదు.

2022 జనవరి నుంచి జర్మనీ కుక్కల శిక్షణలో ముళ్ళ పట్టీలని నిషేధించింది. మోస్ట్ పుస్తకం నాటి పనిముట్టే. వెంటనే బెర్లిన్ పోలీసులు తమ రక్షణ కుక్కల్ని విధుల నుంచి తప్పించాల్సి వచ్చింది. పట్టీ లేకుండా వాటిని అదుపులో ఉంచలేమన్నారు. కరవడం ఆటగా నేర్పొచ్చు, వదలడం నేర్పడమే కష్టం.

దానికీ మైదానంలో ఒక ఉపాయముంది. హెల్పర్ కదలకుండా బిగుసుకుపోతాడు. ఎర చచ్చిపోయింది, ఆట అయిపోయింది. వదిలితేనే మళ్ళీ మొదలవుతుంది. తెలివైన కుక్క ఇది తొందరగానే పట్టేస్తుంది. వీధిలో కరిపించుకున్న మనిషి బిగుసుకుని నిలబడడు. నొప్పికి గింజుకుంటాడు, చెయ్యి లాక్కుంటాడు, అరుస్తాడు. కుక్కకి నేర్పిన లెక్క ప్రకారం ఎర ఇంకా బతికే ఉంది. అది మరింత గట్టిగా పడుతుంది. అమెరికా పోలీసులు ఇలాంటప్పుడు కుక్కతో పెనుగులాడొద్దని కింద పడ్డ మనిషి మీద అరుస్తుంటారు.