హోసూరు సీమ: వచ్చిన రైళ్లు, లేచిపోయిన పట్టాలు

అంచెట్టి కృష్ణగిరి జిల్లాలో, డెంకణికోటకు దక్షిణాన, మేలగిరి అడవుల నడుమ ఉన్న ఊరు. ఈ ఊరికి రైలు ఎన్నడూ రాలేదు. ఇక్కడి తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాలు రైలెక్కాలంటే బస్సులో డెంకణికోట మీదుగా హోసూరుకు చేరుకోవాలి. ఆ హోసూరుకు మాత్రం నూరేళ్ల పైబడిన రైలు చరిత్ర ఉంది. ఆ కాలంలో మూడు వెడల్పుల పట్టాలు వచ్చాయి. మొదటి పట్టాలు 28 ఏళ్లకే లేచిపోయి, ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఊరు రైలు లేకుండానే గడిపింది. ఇంజన్లు, పెట్టెలు ఎంత కొత్తవైనా ఈ సీమకు ఏం దక్కిందన్నది చివరికి రెండు లెక్కల మీదే తేలింది. మొదటిది పట్టాల మధ్య వెడల్పు, రెండోది బండికి అందే కరెంటు తీరు.

మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు తొలి బండి నడిపింది. 1860ల ఆరంభానికి ఆ దారి జోలార్‌పేట, తిరుపత్తూరు, మొరప్పూరు, సేలం మీదుగా పడమటి తీరం చేరింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు చీలిక వెళ్లింది. పటం మీద ఈ రెండు దారులను చూస్తే కృష్ణగిరి, ధర్మపురి, హోసూరు ఈ రెంటి మధ్య ఏ పట్టా తాకని ఖాళీలో మిగిలిపోయాయి. సైన్యానికీ రేవు వ్యాపారానికీ కావలసింది సముద్రం నుంచి సముద్రానికీ, మద్రాసు నుంచి బెంగళూరు దండుకూ దారి. టిప్పు 1792లో వదులుకున్న, కృష్ణగిరి–ధర్మపురి వైపు బారామహల్ పల్లెలు ఆ లెక్కలోకి రాలేదు.

వాటిని లెక్కలోకి తెచ్చింది కరువు. 1876లో మొదలై తెలుగువారు ధాత కరువుగా చెప్పుకునే ఆ విపత్తులో, ఈ సీమ అప్పట్లో భాగమైన సేలం జిల్లా దారుణంగా దెబ్బతింది. ఒకచోట ధాన్యం ఉన్నా, దానిని మరోచోటికి తెచ్చే బండ్ల ఎడ్లకే మేతా నీళ్లూ లేవు. 1880 నాటి కరువు కమిషన్ ఆదాయం రాకపోయినా ప్రాణరక్షణ కోసం వేయవలసిన రైలుదారులు ఉంటాయని తేల్చింది. వీటికి రక్షణ రైల్వేలని పేరు. ఖజానాకు లాభం చూపవు కాబట్టి వీటిని వీలైనంత చవకగా కట్టాలన్న షరతు మొదటినుంచీ ఉంది. హోసూరు సీమ పట్టాల వెడల్పును నిర్ణయించింది ఆ షరతే.

చవక రైలుకు ఆ రోజుల్లో పెద్ద వాది ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 2 అడుగుల 6 అంగుళాల వెడల్పు చాలునని, ఇరుసు మీద బరువు 5 టన్నులు దాటకుండా ఇంజనుకూ పెట్టెలకూ ఒకే తీరున పంచితే గజానికి 30 పౌండ్ల తేలికపాటి పట్టా కూడా నిలుస్తుందని ఆయన వాదన. మహారాష్ట్రలోని బార్సీ లైట్ రైల్వే కోసం తయారైన వాహనాలను ఇండియాకు పంపే ముందు ఇంగ్లండులోని లీడ్స్ దగ్గర న్యూలేలో ప్రత్యేకంగా పట్టాలు వేసి, ఇంజనీర్లను పిలిచి నడిపి చూపించారు. తయారీదారు సరుకును పట్టాల మీదే పెట్టి, కొనేవారి ఎదుట నడిపించే నేటి రైలు ప్రదర్శనలకు ఇది దగ్గరి పూర్వరూపం. బార్సీ దారి 1897లో తెరుచుకుంది. సైన్యం కూడా ఇదే వెడల్పును మెచ్చింది. కాల్కా–సిమ్లా దారిని 2 అడుగుల వెడల్పుతో మొదలుపెట్టినా, యుద్ధ శాఖ పట్టుబట్టడంతో 1901లో 2 అడుగుల 6 అంగుళాలకు మార్చారు. ఒకచోట విప్పిన పట్టాలు, ఇంజన్లు సామ్రాజ్యంలో మరోచోట పనికిరావాలన్నదే వారి ఆలోచన. హోసూరు దారి కట్టినప్పుడు ఈ సంగతిని ఇక్కడి జనం పట్టించుకొని ఉండరు. 1941లో దాని అర్థం వారికి తెలిసింది.

ఇదే ఇరుకు వెడల్పుతో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి సుమారు 25 మైళ్ల నారోగేజి దారి 1905లో తెరుచుకుంది. 1906 జనవరిలో మొరప్పూరు నుంచి ధర్మపురికి మరొకటి మొదలైంది. రెండోదాన్ని 1913లో హోసూరు దాకా పొడిగించారు. మొత్తం 73 మైళ్లు. 1908 నుంచి ప్రధాన దారి దక్షిణపు భాగం సౌత్ ఇండియన్ రైల్వే చేతికి పోవడంతో ఈ చిన్న దారుల నడక కూడా ఆ కంపెనీ పాలైంది.

ధర్మపురి నుంచి హోసూరుకు నేల మట్టంగా ఉండదు. దారి దాదాపు 400 మీటర్లు ఎత్తుకు ఎక్కి, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరు చేరాలి. ఇరుకు పట్టాలకు ఇక్కడ నిజమైన ప్రయోజనం ఉంది. వెడల్పాటి దారి పెద్ద వంపు తిరగాలి, కొండను తొలచాలి. నారోగేజి కొండ ఒంపు వెంటే మెలికలు తిరుగుతూ పోగలదు. చవక అనే మాటను చిన్నచూపు చూడడం అందుకే సరికాదు. ఆ చవక లేకపోతే రాయకోట వైపు కొండల్లోకి ఆ కాలంలో ఏ బండీ వచ్చేది కాదు.

అయితే ఆ వెడల్పుకు చెల్లించిన మూల్యం మొరప్పూరులో కనిపించేది. ప్రధాన దారి 5 అడుగుల 6 అంగుళాలు. హోసూరు నుంచి వచ్చిన ప్రతి బస్తానూ అక్కడ దించి, పెద్ద బండిలోకి మళ్లీ ఎక్కించాలి. కూలి ఖర్చు, జాప్యం, నష్టం అన్నీ సరుకు మీద పడతాయి. అంతకన్నా పెద్ద లోపం దారి ఆగిన చోటే ఉంది. పట్టాలు హోసూరుతో ఆగిపోయాయి. మైసూరు సంస్థానపు హద్దు దాటలేదు. హోసూరు నుంచి బెంగళూరు రోడ్డున దాదాపు 40 కిలోమీటర్లే. రైలులో పోవాలంటే కిందికి మొరప్పూరు దిగి, జోలార్‌పేట చుట్టి, మళ్లీ పైకెక్కాలి. ఆ ప్రయాణం 300 కిలోమీటర్లు దాటేది. అంచెట్టి, డెంకణికోట, తళ్లి పల్లెలకు నిత్యం సంబంధం ఉన్న పట్నం బెంగళూరు. రైలేమో వారిని సేలం వైపు తీసుకుపోయింది. హద్దులను చూసి గీసిన గీత సంతదారిని చూడలేదు.

1920ల తర్వాత మోటారు బస్సులు ఆ సంతదారినే పట్టుకున్నాయి. దేశమంతటా చిన్న రైలుదారుల ఆదాయం తగ్గింది; 1933లో మిచెల్–కిర్క్‌నెస్ నివేదిక రోడ్డుకూ రైలుకూ మధ్య పోటీని లెక్కగట్టవలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి, రాబడి లేని దారుల పట్టాలు ప్రభుత్వానికి యుద్ధ సామగ్రిగా కనిపించాయి. 1941లో తిరుపత్తూరు–కృష్ణగిరి, మొరప్పూరు–హోసూరు దారులు రెండూ మూతపడ్డాయి. పట్టాలు లేచిపోయాయి. ఒకచోటి సామగ్రి మరోచోట పనికిరావాలన్న సైనిక సూత్రం ఈ కొండల దగ్గర ఇలా అమలైంది. కరువు కోసం వేసిన దారిని తీసేటప్పుడు కరువు మళ్లీ రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. రెండేళ్లకే బెంగాల్లో మహాకరువు వచ్చింది. ఇంతటి నిర్ణయాన్ని కేవలం ఆదాయం లెక్కతో సమర్థించడం కష్టం.

హోసూరుకు రైలు మళ్లీ వచ్చింది 1960ల చివర్లో, సేలం–బెంగళూరు మీటరుగేజి దారి రూపంలో. ఈసారి దారి బెంగళూరుతో కలిసింది. 1973 ప్రాంతంలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ మొదలై, ఆ తర్వాతి పదిహేనేళ్లలో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలు వచ్చాక ఆ కలయిక విలువ తెలిసింది. 1990లలో దేశమంతటా ఒకే గేజి విధానం కింద ఇది బ్రాడ్‌గేజిగా మారింది. నేడు ఈ దారి తమిళనాడులో ఉన్నా హోసూరు, ధర్మపురి స్టేషన్లు నైరుతి రైల్వే బెంగళూరు డివిజను కిందికి వస్తాయి. కృష్ణగిరికి మాత్రం 1941లో పోయిన రైలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

వెడల్పు సమస్య తీరిన తర్వాత రెండో లెక్క, కరెంటు, ముందుకొచ్చింది. దాని మూలం కూడా ఒక ప్రదర్శనలోనే ఉంది. 1879లో బెర్లిన్ పారిశ్రామిక ప్రదర్శనలో సీమెన్స్ సంస్థ 300 మీటర్ల చుట్టుదారి వేసి, చిన్న విద్యుత్ ఇంజనుతో మూడు బల్లబండ్లను లాగించింది. ఒక్కో విడతకు 18 మంది. నాలుగు నెలల్లో 80 వేల మందికి పైగా ఎక్కారు. కరెంటు రెండు పట్టాల మధ్యనున్న మూడో కడ్డీ గుండా 150 వోల్టుల మీద అందేది. రెండేళ్లకు బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డేలో విద్యుత్ ట్రాము నడిచింది. 1895లో మద్రాసులో భారతదేశపు మొదటి విద్యుత్ ట్రాము వచ్చింది. అక్కడ కరెంటును మొదట నేలలోని కాలువ ద్వారా ఇచ్చారు. వానలకు అది చెడిపోవడంతో తీగలను పైకి మార్చారు. ఎన్నో తెలుగు కుటుంబాలు చెన్నపట్నంలో ఎక్కి తిరిగిన ఆ ట్రాములు 1953లో ఆగిపోయాయి. కరెంటు కింద నుంచా, పై నుంచా అన్న ప్రశ్న నాటి నుంచి నేటిదాకా ఇంజనీర్లను వదల్లేదు.

ఇప్పుడు కొత్త రైళ్లకు రెండు పెద్ద సంతలు ఉన్నాయి. బెర్లిన్‌లో 1996 నుంచి జరుగుతున్న ఇన్నోట్రాన్స్‌లో ప్రదర్శన మైదానంలోనే సుమారు మూడున్నర కిలోమీటర్ల పట్టాలు ఉన్నాయి. మెట్రోలు, ట్రాములు వాటి మీద నిజరూపంలో నిలుస్తాయి. 2016లో హైడ్రోజన్‌తో నడిచే కొరాడియా ఐలింట్ రైలును అక్కడే చూపారు. ఢిల్లీలో భారత పరిశ్రమల సమాఖ్య 1990 నుంచి రెండేళ్లకోసారి అంతర్జాతీయ రైల్వే పరికరాల ప్రదర్శన జరుపుతోంది. అందులో జనం కళ్లు పెట్టెల మీద ఉన్నా అసలు బేరం ఎక్కువగా కంటికి కనపడని సరుకు మీద సాగుతుంది: మోటార్లు, బ్రేకులు, సిగ్నళ్లు, విద్యుత్ నియంత్రణ పరికరాలు. ఈ రంగంలో తెలుగు నేలకు గట్టి చోటుంది. 1984లో మొదలైన హైదరాబాదు మేధా సర్వో డ్రైవ్స్, తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఆల్‌స్టామ్ కర్మాగారం ఇందుకు రెండు ఉదాహరణలు. చెన్నై మెట్రోకే కాదు, సిడ్నీ మెట్రోకూ శ్రీసిటీ నుంచి పెట్టెలు వెళ్లాయి.

1955లో స్విస్ సహకారంతో మొదలైన పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 2018లో ట్రైన్ 18ను తయారుచేసింది. దాని మోటార్ల చోదక వ్యవస్థను అందించింది మేధా. ముందు ఇంజను లాగే బండి కాదిది. సగం పెట్టెల కింద మోటార్లు ఉండడంతో ఆగిన చోటు నుంచి తొందరగా వేగం అందుకుంటుంది. 2019 ఫిబ్రవరిలో వందే భారత్ పేరుతో ఢిల్లీ–వారణాసి మధ్య మొదలైన ఈ తరహా బండి, 2023 డిసెంబరు 30న కోయంబత్తూరు–బెంగళూరు మధ్య ప్రారంభమై ధర్మపురి, హోసూరులలో కూడా ఆగింది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడవగల రైలు దాదాపు 380 కిలోమీటర్ల ఆ దారికి మొదట్లో సుమారు ఆరున్నర గంటలు తీసుకుంది. అంటే సగటున గంటకు 60 కిలోమీటర్లకు కాస్త తక్కువ. కారణం బండిలో లేదు. కొండ ఎక్కుడు, మలుపులు, చాలా దూరం ఒంటి పట్టా, ఎదురు బండ్ల కోసం ఆగడం వేగాన్ని తగ్గిస్తాయి. బైయప్పనహళ్లి–హోసూరు మధ్య 48 కిలోమీటర్ల మేర రెండో పట్టా పని పూర్తయితేనే కొత్త బండి సత్తా కొంతైనా బయటపడుతుంది.

బండి కన్నా దారే ముఖ్యమన్న సంగతి మెట్రో విషయంలో ఇంకా స్పష్టం. 2011లో మొదలైన బెంగళూరు నమ్మ మెట్రోకు పక్క కడ్డీ నుంచి 750 వోల్టుల ఏకముఖ విద్యుత్ అందుతుంది. 2015లో మొదలైన చెన్నై మెట్రోకు, 2017 నాటి హైదరాబాదు మెట్రోకు పై తీగ నుంచి 25 వేల వోల్టుల ఏకాంతర విద్యుత్ అందుతుంది. రెండూ మంచి పద్ధతులే. కడ్డీ పద్ధతికి పైన తీగలు, స్తంభాలు అక్కర్లేదు. తీగ పద్ధతిలో ఎక్కువ దూరానికి తక్కువ ఉపకేంద్రాలు చాలు. కానీ ఒకదాని బండి రెండోదాని మీద నడవదు.

బెంగళూరు మెట్రో పసుపు మార్గం ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19.15 కిలోమీటర్లు. దారి సిద్ధమైనా బండ్లు రాలేదు. చైనా సంస్థతో 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం రావలసిన పెట్టెల్లో మొదటివి 2024లో గానీ చేరలేదు. మిగతా బండ్లను టీటాగఢ్ కర్మాగారం చేపట్టింది. చివరకు 2025 ఆగస్టులో మూడే బండ్లతో, 25 నిమిషాలకొకటి చొప్పున ప్రయాణం మొదలైంది. బొమ్మసంద్ర దాటాక రాష్ట్ర హద్దుకు అవతలే హోసూరు ఉంది. అక్కడిదాకా సుమారు 23 కిలోమీటర్ల మార్గానికి చెన్నై మెట్రో సంస్థ సాధ్యాసాధ్యాల అధ్యయనం చేయించింది. తమిళనాడు వైపు ప్రతిపాదన పై తీగ, 25 వేల వోల్టులు. కర్ణాటక వైపు పసుపు మార్గంలో ఉన్నది పక్క కడ్డీ, 750 వోల్టులు. ఈ తేడాను చూపి రెండు మార్గాలను నేరుగా కలపడం సాంకేతికంగా కుదరదని బెంగళూరు మెట్రో సంస్థ అభిప్రాయపడింది. అలాగే కడితే హోసూరు నుంచి వచ్చినవారు బొమ్మసంద్రలో దిగి మరో బండి ఎక్కాలి. 1913లో మొరప్పూరులో బస్తాలకు జరిగింది ఇక్కడ మనుషులకు జరుగుతుంది.

పాత దారిలో ఒక ముక్క తిరిగి రాబోతోంది. మొరప్పూరు–ధర్మపురి మధ్య 36 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి దారిని 2016–17లో మంజూరు చేశారు. 2019లో శంకుస్థాపన జరిగింది. జోలార్‌పేట వైపు నుంచి కృష్ణగిరి మీదుగా హోసూరుకు దారి కావాలన్న కోరికకు సర్వేలు జరిగాయి గానీ పట్టాలు పడలేదు. అది పూర్తయితే చెన్నై–హోసూరు ప్రయాణానికి బెంగళూరు చుట్టు తప్పుతుంది, కృష్ణగిరి మామిడికి సొంత గూడ్సు స్టేషను దొరుకుతుంది. అంచెట్టికి రైలుదారి ఈ పథకాల్లో వేటిలోనూ లేదు. ఊరి చుట్టూ ఉన్న కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం ఏనుగుల దారి కాబట్టి అలా ఉండడమే మంచిది. ఊరివారికి కావలసింది డెంకణికోట రోడ్డు మీద సమయానికి నడిచే బస్సు, అది హోసూరు స్టేషను ముందు ఆగడం, అక్కడ రైలు వేళకు అందడం.