సిగ్గుచాటు తామర

నేటి ప్రసంగవిషయము నలుగురిలో నుచ్చరించుటకు సంకోచము గలిగించునది. పురుషులకు తొడసందులయందును, వృషణములమీది చర్మమందును పుట్టి నెలలతరబడి విడువక బాధించు దురదనుగూర్చి చెప్పదలచితిని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దీనిని కొందరు తామర యందురు, కొందరు గజ్జి యందురు, కొందరు తీట యందురు. పెక్కుమంది యేమియు ననరు. ఏమియు ననకపోవుటయే యీ రోగముయొక్క చరిత్రలో పెద్ద యధ్యాయము.

ఇంట స్త్రీలు విను వేళ యిట్టి మాట యేల యని మిత్రులు కొందరు వారించిరి. ఆ బట్టలు ఉతుకువారు వారు. ఆ రోగము భర్తనుండి మొదట సోకునదియు వారికే. వారు వినరాని దిందేమున్నదో నాకు దోచలేదు. నేను వైద్యుడను గాను. గురుకులమున కావ్యములతోబాటు కొంత ఆయుర్వేదగ్రంథము చదివినవాడను, తరువాత పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. కావున ఔషధము చెప్పను, చరిత్రమే చెప్పుదును.

మన ప్రాచీనులు దీనిని దాచలేదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున 13వ అధ్యాయము క్షుద్రరోగములకు సంబంధించినది. క్షుద్ర మనగా నిచట నీచమని గాదు, చిన్నదని. అట్టివి 44 రోగములు చెప్పబడినవి. అందు వృషణకచ్ఛువు ఒకటి. స్నానమును, ఒడలు రుద్దుకొనుటయు మానినవానికి మాలిన్యము వృషణములను జేరి, చెమటచే నాని, దురద బుట్టించుననియు, గోకినకొలది పొక్కులు లేచి రసి కారుననియు, శ్లేష్మరక్తముల ప్రకోపము దీనికి మూలమనియు సుశ్రుతుని యాశయము. దీనికి ముందు చెప్పబడిన రోగము అహిపూతనము. పసిబిడ్డను సరిగా కడుగక, తుడువక విడిచినచో పిరుదులకడ పుట్టు ఒరపిడిపుండు అది. చికిత్సాస్థానమున 20వ అధ్యాయమందు వృషణకచ్ఛువును అహిపూతనమువలెను, పామవలెను చికిత్సింపవలె నని చెప్పి యూరకుండెను. మీసములు దువ్వుకొను మగవాని బాధను ఉయ్యాలలోని బిడ్డ బాధప్రక్కన కూర్చుండబెట్టుటలో నాకెంతో యూరట కనబడును. చెమ్మయు, మాలిన్యమును, ఒరపిడియు నున్నచోట చర్మము చెడును. బిడ్డయైన నేమి, పెద్దయైన నేమి? అందు పాపప్రసక్తి లేదు.

ఇంక తామర. దీనికి సంస్కృతమున దద్రువు అని పేరు. ఎఱ్ఱనై, దురదగలిగి, చిన్నచిన్న పొక్కులతో, చుట్టు గట్టు గట్టినట్లు మండలాకారముగా లేచునని చరకుడు చెప్పెను; వ్యాపించు స్వభావము గలదని సుశ్రుతుడు చెప్పెను. చరకుడు దీనిని క్షుద్రకుష్ఠములలో జేర్చగా, సుశ్రుతుడు మహాకుష్ఠములలో జేర్చెను. మహామహుల కే యిది చిన్నదో పెద్దదో యేకాభిప్రాయము కుదురలేదన్నమాట. నేటి రోగులను జూచినచో సుశ్రుతుని పక్షమే బలవత్తరమని చెప్పవలసివచ్చును.

బాల్యమున అమరకోశము వల్లించినవారికి దద్రుఘ్న మను పదము జ్ఞాపకముండును. తామరను చంపునది యని యర్థము. చక్రమర్దము, ఏడగజము, ప్రపున్నాడము అనునవి దాని పర్యాయములు. ఇన్ని బిరుదములు గల యా మహౌషధి యెక్కడిదో యని వెదుకనక్కరలేదు. తొలకరి పడగానే మన చేలగట్లమీదను, బాటల ప్రక్కలను మొలచు తంటెము చెట్టే అది. గింజలను పుల్లని మజ్జిగతో నూరి పూయుట పాతపద్ధతి.

ఇందు నొక వింత గలదు. 19వ శతాబ్దమున మనదేశపు మందులకొట్లలో గోవాపొడి యని యొక పసుపుపచ్చని పొడి తామరకు ప్రసిద్ధమై యుండెను. అది గోవాలో పండినది గాదు. బ్రెజిలు దేశమున అరరోబ యను చెట్టు దూలములోని నెఱ్ఱెలనుండి గీకి తీసినది. పోర్చుగీసు వారి యోడలమీద గోవాకు జేరినది. ఈ సంగతిని 1874 ప్రాంతమున బహియా నగరమునందలి సిల్వా లీమా యను వైద్యుడు బయటపెట్టెను. ఆ పొడిలోని గుణకారి పదార్థములకు జ్ఞాతియైన క్రైసోఫనాల్ మన తంటెపు గింజలలోను గలదు. సముద్రములు దాటి వచ్చిన సరకు బంధువు చేనిగట్టుననే యుండెను. అయినను తంటెము నూరి పూసినంత మాత్రమున నేటి తామర తొలగునని నేను భరోసా యీయజాలను. గోవాపొడియు చర్మమును మండించునదే, కంట బడినచో ప్రమాదమే. తరువాత 1907లో విట్‌ఫీల్డు అను నాంగ్లవైద్యుడు సాలిసిలికు, బెంజోయికు ఆమ్లములు కలిపిన లేపనమును ప్రకటించెను. అది నేటికిని చౌకగా దొరకుచున్నది.

తామరకు కారణము పురుగు గాదు, ఒక విధమైన బూజు. 1837లో బెర్లినునందు రేమాకు అను నతడు తలపై పెచ్చులు గట్టు నొక వ్యాధిలో బూజుదారములను సూక్ష్మదర్శినిలో చూచెను. 1841 మొదలు పారిసునందు గ్రూబీ యను నతడు ఆ బూజే వ్యాధిహేతువని స్థిరపరచెను. గజ్జి వేరు. దానికి కారణము కంటి కానీకానని సూక్ష్మకీటకము. 1687లోనే ఇటలీలో బొనోమో దానిని వర్ణించినను పండితులు నమ్మలేదు. 1834లో కోర్సికా ద్వీపపు విద్యార్థి రెనూచి, తమ యూరి పల్లెపడుచులు సూదిమొనతో పురుగును తీయు విధమును పారిసు వైద్యులయెదుట చేసి చూపినపిదపగాని వారు తల లూపలేదు. గజ్జి రాత్రులందు మిక్కుటము. వ్రేళ్ళసందులనుండి గుహ్యమువఱకు నుండును. ఇంటిల్లిపాదికి నొకేసారి మందు రాచినగాని పోదు. తామర గుండ్రముగా వ్యాపించుచు, నంచున ఎఱ్ఱనై, నడుమ కొంత తేరుకొన్నట్లు కనబడును. రెంటికి నొకే పేరు పెట్టి యొకే మందు పూయుటచే ఎందరి సంవత్సరములు వ్యర్థమైనవో!

ఆంగ్లేయుల దొరతనమున ఈ తొడసందు తామరకు క్రొత్త పేరు వచ్చినది: ధోబీ ఇచ్. అనగా చాకలివాని దురద. ఉష్ణదేశమున మందపుబట్టలు తొడిగి, చెమటతో నాని, తామర తెచ్చుకొన్న దొరలు, సిపాయిలు తమ బట్టలుతికినవానిపై నెపము వేసిరి. 20వ శతాబ్దారంభమున సింహళమందు పనిచేసిన కాస్టెల్లానీ యను నిటలీ వైద్యుడు ఈ వ్యాధినుండి బూజును వేరుచేసి పరిశీలించెను; నేడు ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అని పిలువబడు బూజును 1910లో వర్ణించినవాడు నతడే. బూజు చర్మమును తినును, చెమ్మలో పెరుగును. ఒకని బట్టలనుండి యింకొకనికి రావచ్చును. అంతవఱకు నిజమే. కాని మన రజకులు చేయుచుండిన పని యేమి? బట్టలను చవుటిమంటిలో నానబెట్టి, చాకిబానలో ఆవిరి కుడుకబెట్టి, రేవున బాది, యెండలో నారవేయుట. 60 డిగ్రీల వేడికి ఈ బూజు నిలువదని నేటివారు చెప్పుచున్నారు. ఆ చాకిబానయే రోగమునకు శత్రువు. నింద పడినదియు దానిమీదనే.

న్యాయముకొఱకు ఇంకొక మాటయు చెప్పవలెను. రజకులు బట్టలకు నల్లజీడిగింజ రసముతో గుర్తు పెట్టెడివారు. ఆ రసము కొందరి చర్మమును పొక్కించును. రెండవ ప్రపంచయుద్ధకాలమున మనదేశమున నున్న అమెరికను సైనికులకు బట్టపైని గుర్తు తగిలినచోటులనే పొక్కులు లేచెనని వారి వైద్యులు 1943లో ప్రకటించిరి. ఇందు గుర్తుయొక్క దోషము నిజము. కాని యది తామర కాదు, అంటురోగమును గాదు. గుర్తు తగులకున్నచో మానిపోవును.

ఇంక మన మూడూళ్ళు. మానేటి యొడ్డున సిరిసిల్లలో మగ్గములు తగ్గి మరమగ్గములు వచ్చినవి. వానిని అక్కడివారు సాంచా లందురు. రేకుల కప్పు క్రింద, ఎండకాలమున, పన్నెండేసి గంటలు నిలువుకాళ్ళ పని. నడుమునుండి మోకాలివఱకు చెమట యారదు. వారు నేయు పాలిస్టరే వారి యొంటిమీదికి వచ్చినపుడు చెమటను పీల్చుకొనదు. జగిత్యాల వైపున శ్రీరాంసాగరు కాకతీయకాలువ వచ్చినపిదప వరి విస్తరించినది. నాట్లకాలమున తడిపంచె దినమెల్ల నొడలినంటి యుండును. కోరుట్ల మొదలుగా నీ ప్రాంతములనుండి వేలకొలది యువకులు దుబాయి, మస్కటు, కువైటు, బహ్రెయినులకు పోయిరి. ఇరుకుగదిలో పదిమంది, ఒకే దండెము, ఒకే సబ్బు, ఒక్కొక్కప్పు డొకే తువాలు. బూజు వేరొక స్వర్గమును కోరనక్కరలేదు.

అట్లు పోయివచ్చిన నా పూర్వశిష్యు డొకడు రెండేండ్లక్రిందట మా యింటికి వచ్చెను. చాలసేపు లోకాభిరామాయణము చెప్పి, లేచిపోవుచు గుమ్మముకడ నిలిచి, జేబునుండి యొక గొట్టపు మందు తీసి, "పంతులుగారూ, దీనిమీద ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పుడు" అనెను. అది యొక యంగడివాడిచ్చినదట. పూసిన మూడవదినమున దురద మాయమగునట. మానిన వారమునకు రెండింతలై తిరిగివచ్చునట. రెండేండ్లు పూసెను. తొడసందున చర్మము పలుచనై చారలు పడినవి. భార్యకు చెప్పలేదు, ఆమెకు సోకినది, బిడ్డకు సోకినది. సుఖవ్యాధి యని లోకము శంకించునని అతని భయము. దానిపై మూడు మందుల పేర్లుండెను, అందొకటి క్లోబెటసాల్.

క్లోబెటసాల్ స్టెరాయిడులలో మిక్కిలి తీక్ష్ణమైనది. స్టెరాయిడును చర్మముపై పూయుట 1952లో న్యూయార్కున సల్జ్‌బర్గరు, విట్టెను అనువారు జయప్రదముగా చేసి చూపిరి. ఎగ్జిమావంటి వానికది వరమే. తామరకో, అది దురదను నిద్రపుచ్చి బూజునకు మేత వేయుటయే. స్టెరాయిడు పూతచే రూపుమారి గుర్తింపరాకుండ బోయిన తామరను 1968లో ఐవ్, మార్క్స్ అను ఆంగ్లవైద్యులు వర్ణించి, అజ్ఞాతతామర యను నర్థము వచ్చు పేరు పెట్టిరి.

ఇక్కడ నాకు మరల సుశ్రుతుడు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. వృషణకచ్ఛువు చెప్పిన 13వ అధ్యాయము ముగియగానే 14వది శూకదోషనిదానము. క్రమము తెలియక, లింగవృద్ధికై తీక్ష్ణలేపములు పూసుకొన్నవారికి కలుగు 18 వ్యాధులు అందు గలవు. చర్మము పక్వమగుట, స్పర్శజ్ఞానము నశించుట మొదలగునవి. మందే రోగమగుటకు సుశ్రుతుడొక యధ్యాయమునే కేటాయించెను. గురువుగారు ఆ యధ్యాయమును మాకు పాఠము చెప్పక దాటవేసిరి. పిల్లలు నవ్వుదురని కాబోలు.

మనదేశమున 2018 మార్చిలో ప్రభుత్వము పెక్కు స్టెరాయిడు పూతలను వైద్యుని చీటి లేక యమ్మరాదని యాజ్ఞాపించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమౌషధములలో ఇట్టి పూతలును కొన్ని గలవు. ఆజ్ఞ యొకటి, అంగడి యొకటి. ఈలోగా బూజును మారినది. 1990 ప్రాంతమున వచ్చిన టెర్బినఫిన్ అను మంచి మందునకు లొంగని తెగ మనదేశమున ప్రబలినది. 2020లో జపాను పరిశోధకులు, భారత నేపాళదేశీయులైన రోగులనుండి తీసిన బూజును పరీక్షించి, దానికి ట్రైకోఫైటాన్ ఇండోటీనియే యని పేరిడిరి. ఒకప్పుడు రజకుని పేర, ఇప్పుడు దేశము పేర! 2023లో న్యూయార్కున ఈ తెగ సోకిన యిద్దరు స్త్రీలనుగూర్చి ప్రకటన వచ్చినది. అందొకతె విదేశమునకు పోనిదే.

నా శిష్యుడు తుదకు చర్మవైద్యునికడకు పోయెను. భార్యాబిడ్డలను వెంటబెట్టుకొనియే పొమ్మంటిని. వైద్యుడు గొట్టపు మందు మాన్పించెను. మొదటి పక్షము దురద హెచ్చగునని ముందే చెప్పి, ముగ్గురికిని మందిచ్చి, చర్మము తేటబడినపిదపను కొన్ని వారములు మానరాదనెను. బట్టలు వేడినీట నుతికి యెండ నారవేయుమనెను, తువాళ్ళు వేరుచేయించెను, మధుమేహమున్నదేమో యని నెత్తురు పరీక్షింపించెను. ఆ చోట దురదలన్నియు తామర గావు. గజ్జి కావచ్చును, ఎగ్జిమా కావచ్చును, సబ్బు పడకపోవుటయు కావచ్చును. కనుక మొట్టమొదట నతడు చేసినది యిది: మొద్దుకత్తి యంచుతో చర్మపు పొట్టు కొంచెము గీకి, గాజుపలకపై బెట్టి, పొటాషు ద్రావణపు చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూచుట. దారములవలె బూజు కనబడినదట. నా శిష్యునిగూడ చూడుమని పిలిచెనట. రెండేండ్లు దాచిన దానిని చూచుటకు కొన్ని నిమిషములు పట్టినది.