నన్‌కౌరి దారుశిల్పులు

శిల్పమనగానే ఆంధ్రులకు అమరావతి ఫలకములును, లేపాక్షి మండపములును జ్ఞప్తికి వచ్చును. ఆ శిల్పముల వెనుక శాస్త్రము కలదు, గురుపరంపర కలదు, ధనవంతుల ఆదరణ కలదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు లేకయే, బంగాళాఖాతమునకు ఆగ్నేయపు కొసనున్న నికోబారు దీవులలో ఒక విశిష్టమైన దారుశిల్పము వర్ధిల్లెను. దానిని చెక్కినవారు కొబ్బరితోటలు పెంచుకొని, పందులను సాకుకొని, పడవలు తొలుచుకొని జీవించిన సామాన్య గృహస్థులు. శిల్పమునే కులవృత్తిగా గైకొన్న వర్గము వారిలో లేదు.

అండమానులకు దక్షిణమున పదవ అక్షాంశపు జలసంధిని దాటిన పిమ్మట ఈ దీవులు ప్రారంభమగును. రాజేంద్రచోళుని తంజావూరు శాసనములో వీటికి 'మానక్కవారము' అని పేరు. ఈ దీవుల నడుమ నన్‌కౌరి, కమోర్టా, ట్రింకెట్, కచ్చాల్ మొదలైనవి కలవు. దారుశిల్పమునకు పుట్టినిల్లు ఈ నడిమి దీవులే.

ఈ రేవు అందమైనదే గాని, జ్వరములకు నిలయము. 1768లో నన్‌కౌరిలో దిగిన మొరేవియను క్రైస్తవ ప్రచారకులు అనేకులు జ్వరమునకు బలియై, 1787 నాటికి తమ ప్రయత్నమును విరమించుకొనిరి. 1869లో బ్రిటిషువారు దీవులను స్వాధీనపరచుకొని కమోర్టాలో ఖైదీల వసతిని నెలకొల్పిరి. అదియు 1888లో ఎత్తివేయబడెను. బయటివారు ఓడనెక్కి వెడలిపోగలిగిరి. దీవివారికి మాత్రము జ్వరముతో కలిసి బ్రతుకక తప్పలేదు. వారి శిల్పము ఈ అక్కరలో నుండియే జనించినది.

రోగమునకు కారణము దుష్టాత్మయని వారి విశ్వాసము. ఇంటిలో ఒకరు మంచము పట్టినచో 'మెన్‌లువానా' అను మంత్రవైద్యుని పిలిపింతురు. ఆ దుష్టాత్మను బెదరించుటకు ఎట్టి బొమ్మ కావలయునో అతడు నిర్ణయించును. ఇట్టి దారువిగ్రహములకు 'కరెయౌ' అని పేరు. కొన్ని మనుష్యాకృతులు, మరికొన్ని మొసలి, చేప, పక్షి మొదలైన ప్రాణుల రూపములు. మనుష్యవిగ్రహములలో కొన్ని నిలువెత్తుకు సమీపించును.

వైద్యుడు చెప్పినది మాట. దానికి రూపమిచ్చినది చెక్కువాని చేయి. ముందుగా గీసికొన్న చిత్రము లేదు, కొలతల పట్టిక లేదు. ఆ చేతికి చదువు నేర్పినది పడవ. ఒకే మ్రానును తొలిచి, ఒక ప్రక్క తేలుదుంగను కట్టి, సముద్రముపై నిలువగల పడవను సిద్ధపరచువానికి కొయ్యలోని పొర ఎటు సాగునో, కత్తి ఎచట ఆగవలయునో ఎవరును బోధింపనక్కరలేదు. కొబ్బరికాయలిచ్చి ఓడలవారి యొద్ద కొన్న కత్తియే ముఖ్యమైన పనిముట్టు. శరీరమును క్లుప్తముగా తీర్చి, బలమంతయు ముఖమునందు నిలుపుట ఆ బొమ్మలలో తరచుగా కాననగును. కన్నులకు ఆలుచిప్ప తునకలు పొదిగెడివారు. చీకటి ఇంటిలో పొయ్యి వెలుతురు సోకి ఆ కన్నులు మెరసినపుడు, చూచువారికి అది కొయ్యయని తోచి యుండదు. భయమును పారద్రోలవలసిన బొమ్మ తానే భయంకరముగా నుండవలెను గదా!

కొన్ని బొమ్మల తలపై ఐరోపావారి టోపీ కనుపించును. రేవునకు వచ్చిన ఓడల నాయకుల దర్పమును శిల్పి గమనించి, ఆ అధికారచిహ్నమును తన కాపరికి తగిలించెను. 'హెంటా' అను చిత్రఫలకములపై సూర్యచంద్రులు, ఓడలు, కొబ్బరిచెట్లు, పందులు, ఇంటి సామగ్రి వరుసలు తీరియుండును. వాటి నడుమ నిలిచిన పురుషునికి 'దెయుసె' అని పేరు. దేవుడను అర్థము గల పోర్చుగీసు మాటయే ఇట్లు దీవికి చేరినది. పరదేశమునుండి వచ్చిన దేనినైనను తమ అవసరమునకు మలచుకొనగల స్వాతంత్ర్యము ఆ చేతులకుండెను.

ఇట్టి శిల్పమునకు పరీక్ష ఒక్కటే: రోగి లేచెనా, లేదా? లేచినచో బొమ్మ ఇంటిలో నిలుచును. లేవనిచో, అది ఎంత చక్కగా చెక్కబడినను అడవిపాలగును. తన పనికి ఇంతకన్న కఠినమైన తీర్పును ఏ ఆస్థానశిల్పియు ఎదుర్కొనియుండడు.

ఈ బొమ్మలను శ్రద్ధతో పరిశీలించినవారిలో ఎడ్వర్డు హోరేసు మాన్ ముఖ్యుడు. అండమాను పరిపాలనలో ఉద్యోగియై కమోర్టాలో పనిచేసిన ఈయన వాటి పేర్లను, ప్రయోజనములను వ్రాసియుంచెను. అనేక వస్తువులను ఇంగ్లండునకు పంపెను. 1901లో ఆబట్, బోడెన్ క్లాసు అనువారు ఒక చిన్న ఓడలో ఈ దీవులు తిరిగిరి. సేకరించినవారి పేర్లు గ్రంథములలో నిలిచినవి. చెక్కినవారి పేర్లు నిలువలేదు. అమరావతి ఫలకములును లండను చేరినవి. వాటిని మలచిన చేతులకును పేర్లు దక్కలేదు. శాస్త్రము చదివిన శిల్పికిని, చదువని శిల్పికిని ఈ ఒక్క విషయమున భేదము లేకపోయెను.

ఇరువదవ శతాబ్దిలో క్రైస్తవమతము వ్యాపించిన కొలదియు, ఆసుపత్రులు వెలసిన కొలదియు బొమ్మల అక్కర తగ్గెను. 2004 డిసెంబరు 26వ తేదీనాటి సునామీ కచ్చాల్, ట్రింకెట్ దీవుల గ్రామములను తుడిచిపెట్టెను. ట్రింకెట్ వాసులు తమ దీవినే విడువవలసివచ్చెను. 1956 నాటి ఆదివాసి రక్షణ నిబంధనమును అనుసరించి అన్యులు ఆ దీవులకు అనుమతి లేక పోరాదు. కావున 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరులోని మానవశాస్త్ర ప్రదర్శనశాలయే యాత్రికులకు ఈ శిల్పమును చూడదగిన చోటు.

అచటి బొమ్మల ఎదుట నిలిచి 'ఇది వింతబొమ్మ' యని సాగిపోవుట సులభము. కాని జ్వరముతో మూలుగుచున్న బిడ్డ ప్రక్కన కూర్చుండి, తెల్లవారులోగా ఆ కొయ్యకు కన్నులు తెరిపింపవలెనని పాటుపడిన తండ్రి ఒకడు ఉండియుండునని తలచినవారికి, ఆ ఆలుచిప్ప కన్నులు వేరుగా కనుపించును.