ఆల్టో వర్క్స్ నుంచి స్విఫ్ట్ స్పోర్ట్ దాకా

1986 తర్వాత మన రోడ్ల మీద తిరిగిన మారుతి 800కు జపాన్‌లో ఓ దుడుకు తమ్ముడుండేవాడు. పేరు ఆల్టో వర్క్స్. పైకి ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే రూపం. బానెట్ ఎత్తితేనే తేడా. మన 800లో 796 సీసీ ఇంజన్, దాని సత్తా 40 హార్స్‌పవర్ లోపు. 1987లో సుజుకీ తెచ్చిన వర్క్స్‌లో ఉన్నది 543 సీసీ, మూడే సిలిండర్లు. కానీ సిలిండర్‌కు నాలుగేసి వాల్వులు, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, టర్బో, అది నెట్టే వేడిగాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్. 7500 ఆర్‌పీఎం దగ్గర 64 హార్స్‌పవర్ ఇచ్చేది.

ఆ అంకెతోనే ఒక చరిత్ర మొదలైంది. ఈ తరగతి బుల్లి కార్లలో పందెం ఇంతకు మించి పోకూడదని జపాన్ కంపెనీలు తమలో తాము 64 దగ్గర గీత గీసుకున్నాయి. చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. 1990లో ఈ తరగతి కార్లకున్న ఇంజన్ సైజు పరిమితి 660 సీసీకి పెరిగినా ఆ గీత చెరగలేదు. 2015లో వర్క్స్ మళ్లీ పుట్టినప్పుడూ అదే 64.

కొంచెం పెద్ద బండ్లకు ఆ కట్టడి లేదు. 1986లో సుజుకీ కల్టస్ జీటీఐకి జి13బి అనే 1.3 లీటర్ ట్విన్‌క్యామ్ పెట్టారు. విదేశాల్లో దాన్నే స్విఫ్ట్ జీటీఐగా అమ్మారు. టర్బో ఊసు లేకుండా సుమారు 100 హార్స్‌పవర్, బండి బరువేమో 800 కిలోలకు అటూ ఇటూ. కల్టస్ రెండో తరానికి డిక్కీ తగిలించి మనకు మారుతి 1000గా, తర్వాత ఎస్టీమ్‌గా ఇచ్చారు. ట్విన్‌క్యామ్ మాత్రం ఇవ్వలేదు!

స్విఫ్ట్ స్పోర్ట్ పేరు జపాన్‌లో 2003లో 1.5 లీటర్ ఇంజన్‌తో మొదలైంది. అసలు రుచి తెలిసింది 2005లో. ఎం16ఎ అనే 1.6 లీటర్ ఇంజన్, 125 హార్స్‌పవర్. ఆ బలం చేతికి రావాలంటే 6800 ఆర్‌పీఎం దాకా లాగాలి. టార్క్ కూడా 4800 దగ్గర గానీ పూర్తిగా అందదు. ఘాట్ ఎక్కేటప్పుడు బద్ధకించి మూడో గేర్లో వదిలేస్తే మామూలు కారే. రెండోకి దించి తొక్కితే వేరే బండి. డ్రైవరుకు పని చెప్పే ఇంజన్ అది. ర్యాలీల్లోనూ సుజుకీ పేరు మోగింది. జూనియర్ ప్రపంచ ర్యాలీ టైటిల్‌ను పి.జి. ఆండర్సన్ 2004లో ఇగ్నిస్‌తో, 2007లో స్విఫ్ట్‌తో గెలిచాడు. 2011లో అదే ఇంజన్‌ను 136కి పెంచి, ఆరు గేర్లిచ్చారు.

2017లో దారి మారింది. 1.4 లీటర్ బూస్టర్‌జెట్ టర్బో వచ్చింది. హార్స్‌పవర్ 140, అంటే పెరిగింది నాలుగే. టార్క్ మాత్రం 160 నుంచి 230 న్యూటన్ మీటర్లకు ఎగబాకింది, అదీ 2500 ఆర్‌పీఎం నుంచే. రోజూ ఆఫీసుకు పోయేవాడికి ఇదే సుఖం. గేర్ మార్చడమే సరదాగా భావించేవాడికి కాస్త వెలితి. అయితే నా దృష్టిలో ఆ తరం అసలు ఘనత ఇంజన్ కాదు, బరువు. జపాన్ మోడల్ 970 కిలోలే, అంతకు ముందుదానికన్నా దాదాపు 80 కిలోలు తక్కువ. భద్రత పేరుతో ప్రతి కారూ ఒళ్లు చేస్తున్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. 2020లో యూరప్‌లో కాలుష్య నిబంధనల కోసం 48 వోల్టుల హైబ్రిడ్ జోడించాక పవర్ 129కి దిగింది, బరువు పెరిగింది.

మామూలు స్విఫ్ట్ 2005 నుంచి మన దగ్గర లక్షల్లో అమ్ముడైనా, స్పోర్ట్ ఇక్కడి షోరూముకు రానేలేదు. 2017లో 1 లీటర్ టర్బోతో బలేనో ఆర్‌ఎస్ వచ్చింది, మూడేళ్లకే వెళ్లిపోయింది. జపాన్‌లోనూ స్పోర్ట్ ఫైనల్ ఎడిషన్ తయారీ 2025 నవంబరుతో సరి. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన కుర్రాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకుంటే, 2011 తరం 1.6 మాన్యువల్‌నే వెతకమంటాను.