రణభూమిలో రక్తపిశాచములు: ఒక పరిశీలనము

యుద్ధమును, నెత్తురు త్రాగు పిశాచమును ఒకే కథలో కూర్చుట పాశ్చాత్యుల బొమ్మల కథలలో కానవచ్చు నొక సంప్రదాయము. బ్రిటన్‌లోని ‘2000 ఏ.డి.’ పత్రికలో 1980లో వెలువడిన ‘ఫీండ్స్ ఆఫ్ ది ఈస్టర్న్ ఫ్రంట్’ దీనికి ఉదాహరణము. రచన జెర్రీ ఫిన్లే-డేది. చిత్రములు కార్లోస్ ఎస్కేరావి. రెండవ ప్రపంచ యుద్ధమున రష్యా రంగముపై జర్మనులకు తోడుగా వచ్చిన రుమేనియా సైనికులలో కొందరు రక్తపిశాచములు. 1944లో రుమేనియా పక్షము మార్చగా, ఆ పిశాచములు నిన్నటి మిత్రులపైననే తిరుగబడినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయావరణమునను, తార్నాక వసతి గృహములందును ఇట్టి కథలు చదువు విద్యార్థులకు ఒక ప్రశ్న తోచుట సహజము: మన వాఙ్మయమున ఇట్టివి కలవా?

కలవు. కాని మన పిశాచము ఆయుధము పట్టదు. యుద్ధము ముగిసిన పిమ్మట విందునకు వచ్చును. తెలుగుదేశమున ‘రణముకుడుపు’ అను నొక ఆచారముండెడిది. ‘కుడుపు’ అనగా భోజనము. హతులైన శత్రువుల రక్తమాంసములతో అన్నము కలిపి, యుద్ధభూమిలో భూతప్రేతములకు బలి యిచ్చుటయే ఈ ఆచారము. సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో దీనిని పేర్కొనిరి. ఇందు విందు చేయువాడు విజేత. పిశాచము అతిథి మాత్రమే.

ఈ భావమునకు సమగ్రమైన కావ్యరూపము తమిళమున లభించినది. 12వ శతాబ్ది ప్రారంభమున జయంగొండార్ రచించిన ‘కళింగత్తుప్పరణి’ అట్టిది. భాష తమిళమైనను కథ మనకు పరాయిది కాదు. కావ్యనాయకుడైన కులోత్తుంగ చోళుడు, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుని కుమారుడు. అతని సేన దండెత్తిన కళింగము గాంగరాజుల రాజ్యము. వారి కళింగనగరము నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమని చరిత్రకారులు గుర్తించిరి.

ఈ కావ్యమున పిశాచములు ఆకలితో అలమటించి కాళికతో మొరపెట్టుకొనును. కళింగ యుద్ధము సంభవింపగా వాటికి పండుగ వచ్చినది. ఏనుగు దంతములు రోకళ్లు; హతుల పండ్లు బియ్యము. రక్తమున అంబలి కాచి, బ్రాహ్మణ పిశాచమునకు, జైన పిశాచమునకు, గ్రుడ్డి పిశాచమునకు వరుసగా వడ్డించి, తుదకు అన్నియు చేరి తమ కడుపు నింపిన రాజును దీవించును. కవి ఉద్దేశించినది రాజస్తుతియే. అయినను ఆ స్తుతి వెలువడిన నోరు ఎవరిదో పాఠకుడు మరువజాలడు. విజయమువలన నిండినవి పిశాచముల కడుపులని కావ్యమే చెప్పుచున్నది.

పాశ్చాత్య రక్తపిశాచము బ్రదికియున్నవాని మెడ కొరకును. కావున నేరము దానిది. మన రణపిశాచము మనుష్యులు చిందించిన నెత్తురునే త్రాగును. కావున నేరము చిందించినవారిది. ఈ భేదమును గమనింపక 1870లో రిచర్డ్ బర్టన్ భేతాళ కథల ఆంగ్ల గ్రంథమునకు ‘విక్రమ్ అండ్ ది వాంపైర్’ అని పేరిడెను. ‘చందమామ’లో శంకర్ గీసిన చిత్రములు చూచి పెరిగినవారు ఆ పేరును అంగీకరింపజాలరు. ఆ భేతాళుడు రాజు భుజముపై శవమునందుండి ధర్మసంశయములు అడుగువాడే గాని నెత్తురు కోరువాడు కాడు.

మన ఇతిహాసమున రణరంగమందు నెత్తురు త్రాగినవారిలో అందరకు గుర్తుండువాడు పిశాచము కాడు, భీముడు. వ్యాస భారత కర్ణపర్వమున అతడు దుశ్శాసనుని రక్తము త్రాగగా, చూచిన సైనికులు ఇతడు మనుష్యుడు కాడని పారిపోయిరి. యుద్ధానంతరము స్త్రీపర్వమున గాంధారి అతనిని నిలదీసినది. ఆ నెత్తురు తన పెదవులను, పండ్లను దాటి లోనికి పోలేదని అతడు సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. తిక్కన ఈ రెండు పర్వములను తెనిగించెను. రణపిశాచములను ఇట్లు నిలదీసినవారు లేరు. అవి తిని, దీవించి, వెడలిపోవును. గెలిచిన మనుష్యుడు మాత్రము చచ్చినవాని తల్లి యెదుట నిలువవలెను. యుద్ధ వర్ణనలను పరిశోధించు విద్యార్థులు పిశాచముల ప్రసక్తి వచ్చిన చోట్లను అలంకారములుగా దాటవేయక, ఆ విందు పెట్టినదెవరని ప్రశ్నించి చదువుట మేలు.